నాద్యా ఒడిబియ్యం

ఆ యాసంగికి నాకు కావలసింది ఒక్క ఏడుపు. అది కూడా రష్యన్‌లో.

1996 ఫిబ్రవరిలో బాన్సువాడ బస్టాండు ఎదుట ఉన్న ఎస్టీడీ బూత్‌లో నిలబడి సుహాసిని మేడంతో మాట్లాడాను. హైదరాబాద్‌లో ఎం.ఎ. రష్యన్ ఆమె దగ్గరే చదివాను. పరీక్షలన్నీ రాశాను. చివరి సిద్ధాంత వ్యాసం ఒక్కటే మిగిలి ఉండగా పెళ్లయి ఇక్కడికి వచ్చేశాను.

"పాత సిలబస్ ఈ ఏడాదితో సరి, వైశాలీ," అన్నారు మేడం. "మే నెలాఖరుకు నీ వ్యాసం నా బల్ల మీద ఉండాలి. లేకపోతే పేరు కొట్టేస్తారు. ఇక ఎం.ఎ. సంగతి మరచిపోవడమే."

ఉత్తర రష్యా పల్లెల్లో పెళ్లికూతురు పుట్టిల్లు విడిచేటప్పుడు పాటలా సాగదీసి ఏడ్చే ఏడుపులనూ, మన దగ్గర అప్పగింతల పాటలనూ పోల్చి చూడటం నా విషయం. అచ్చయిన పాఠాలు నా దగ్గర ఉన్నాయి. చాలావరకు నోటికి వచ్చు. కానీ విషయం నమోదు చేసుకున్న రోజున, ఇరవై ఒకటేళ్ల పొగరుతో, ఒక్కో భాషలో ఒక్క ఏడుపునైనా మనిషి నోటి నుంచి విని రికార్డు చేస్తానని రాసి సంతకం పెట్టాను. ఎవరూ అడగని షరతు. అప్పట్లో మా క్లాసులో అందరం స్కాలర్‌షిప్పు మీద రష్యా వెళ్తామనే అనుకునేవాళ్లం. మేం చదువుతుండగానే ఆ దేశం విడిపోయింది, స్కాలర్‌షిప్పులు ఆగిపోయాయి. షరతు మాత్రం మిగిలింది.

నిజానికి షరతు లేకపోయినా నాకు వినాలనే ఉండేది. అన్నేళ్లుగా కాగితం మీద ఏడుపు చదువుతున్నాను, దాని కింద గొంతు ఎలా ఉంటుందో తెలియదు. మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు వంటింట్లో నిలబడి పైకి చదివి చూసేదాన్ని. నాకన్నా కుక్కర్ విజిల్ నయంగా ఏడ్చేది.

ఫోన్ చేసి వచ్చిన ముఖం చూసి మా ఆయన భూమేశ్ అడిగాడు. "ఏందట మీ మేడం?"

చెప్పాను. ఆయన అన్నం కలుపుతూ విని, చాలా మామూలుగా అన్నాడు.

"కోటగిరి దిక్కు క్యాంపుల భద్రయ్య కోడలు ఉన్నది గద. రష్యా పిల్లనేనట ఆమె."

నా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"వాళ్ల కృష్ణ అక్కడనే చదువుకొని లగ్గం చేసుకున్నడు. వైజాగ్‌ల కొలువు చేస్తుండె, మొన్న దీపావళికి ఇంటికొచ్చిండ్రు. ఇప్పుడు కోత మిషన్ కిరాయికి తిప్పుతుండు. మన పొలానికి గూడ ఆయననే చెప్పిన."

"మరి ఎన్నడు చెప్పకపోతిరి?"

"నువ్వు ఎన్నడన్న అడిగినవా, క్యాంపుల రష్యా పిల్ల ఉన్నదా అని?"

*

ఆ ఆదివారం బండి మీద తీసుకెళ్లాడు. క్యాంపు అంటే కాలువ తవ్విన కొత్తలో కోస్తా జిల్లాల నుంచి వచ్చి పొలాలు చేసుకున్నవాళ్ల ఊరు. వీధులు గీత గీసినట్టు ఉంటాయి. భద్రయ్యగారి భార్య శాంతకుమారిగారు గేటు దాకా ఎదురొచ్చింది.

"రండమ్మా, రండి. మా కోడలి భాష వచ్చినావిడ బాన్సువాడలోనే ఉందని మాకేం తెలుసు? ఏవమ్మా నాద్యా, ఎవరొచ్చారో చూడు!"

వసారాలో పీట మీద కూర్చుని చేటలో బియ్యం చెరుగుతున్న మనిషి తలెత్తింది. వెడల్పు భుజాలు, ఎండకు ఎర్రబడిన మెడ, నూనె రాసి బిగించిన గడ్డిరంగు జడ. నేత చీర మోకాళ్ల మధ్య దోపుకొని ఉంది. నేను నాలుగేళ్లుగా సిద్ధం చేసుకున్న వాక్యాన్ని ఒక్క తప్పు లేకుండా రష్యన్‌లో అన్నాను. మిమ్మల్ని కలుసుకోవడం నాకు ఎంతో సంతోషం, మీ భాష విని చాలా కాలమైంది, అని.

చేట ఆగింది. ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసి, నవ్వు ఆపుకుంటూ తెలుగులో అంది.

"మీరు వార్తలు చదువుతున్నారాండీ?"

భూమేశ్ పగలబడి నవ్వాడు. ఆమె లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. అప్పుడు రష్యన్‌లో మాట్లాడటం మొదలుపెట్టి, గంట దాకా ఆపలేదు. ఆ మాటల్లో సగం నాకు అందలేదు. ఆమెది వోలొగ్దా దిక్కు పల్లె, అడవుల మధ్య. ఆ పేరు నాకు తెలుసు. నా పుస్తకంలోని ఏడుపుల్లో సగం ఆ జిల్లాలో సేకరించినవే.

ఆ తర్వాత వీలున్నప్పుడల్లా వెళ్లాను. మూడేళ్ల మా పల్లవిని చంకనేసుకొని, టేపు రికార్డరు సంచిలో పెట్టుకొని, షేర్ ఆటోలో కోళ్ల బుట్టల మధ్య కూర్చుని. నాద్యా నాకు జోలపాటలు ఇచ్చింది, గడ్డికోత పాటలు ఇచ్చింది, పళ్లూడిన ముసలాళ్లు పాడే బూతు చరణాలు కూడా ఇచ్చి తనే సిగ్గుపడింది. నేను క్యాసెట్లు నింపుకున్నాను. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఆమె మాటలను పెదవుల మీద తిప్పుకుంటూ వచ్చేదాన్ని. మహారాష్ట్ర అంచున డోంగ్లి దగ్గరి మా పుట్టింటి ఊళ్లో మరాఠీ, తెలుగు రెండూ ఒకే వాకిట్లో వింటూ పెరిగాను. పెళ్లయ్యాక ఒక భాషతోనే రోజు గడిచిపోయేది. ఆ ప్రయాణాల్లో నాకు మళ్లీ రెండో ఊపిరి ఆడినట్టుండేది.

మార్చి చివర్లో ఒక రోజు అసలు సంగతి అడిగాను. నీకు పెళ్లికూతురి ఏడుపు వచ్చా?

"వచ్చు. మా అమ్మమ్మ ఊరందరికీ ఏడ్చిపెట్టేది. ఆమె కొంగు పట్టుకొని తిరిగేదాన్ని."

"అయితే ఒకటి ఏడువు. నేను బటన్ నొక్కుతాను."

నాద్యా చుట్టూ చూసింది. "ఎవరు వెళ్తున్నారు?"

"ఎవరూ లేరు. నా చదువు కోసం."

"ఎవరూ వెళ్లని ఇంట్లో ఆ ఏడుపు ఏడిస్తే, ఎవరో ఒకరు వెళ్లాల్సి వస్తుంది. అమ్మమ్మ చెప్పేది."

"నువ్వు నమ్ముతావా? ఇంజినీరింగ్ చదివావు."

"నేను నమ్మను," అంది. "నోరు నమ్ముతుంది. రాదు."

ఎంత బతిమాలినా అంతే. ఆమెకు కోపం లేదు, బెట్టు లేదు. నేను అడిగింది పొయ్యి లేనిచోట రొట్టె కాల్చమనడం లాంటిదన్నట్టు చూసింది.

గేటు దాకా సాగనంపడానికి వచ్చిన శాంతకుమారిగారు గొంతు తగ్గించి అంది. "ఏవమ్మా, మీరిద్దరూ ఏం మాట్లాడుకుంటారో మాకు తెలీదు. ఒక్క మాట కనుక్కుంటావా? వచ్చి నాలుగేళ్లయింది. వైజాగ్‌లో అయినా, ఇక్కడైనా, ఆ పెట్టె విప్పదమ్మా. మంచి టేకు బీరువా చేయించాం. ఖాళీ. చీర పెట్టెలోంచి తీస్తుంది, ఉతికి మడతపెట్టి మళ్లీ పెట్టెలోనే పెడుతుంది. పనీపాటా అంటావా, నన్ను మించింది. నోరారా అత్తయ్యగారండీ అంటుంది. కానీ చూడు, రేపొద్దున బస్సున్న మనిషిలా ఉంటుంది. మావాడికి అదే బెంగ. పైకి అనడు."

*

ఏప్రిల్‌లో కాలువ బంద్ అయ్యింది. కృష్ణ మిషను మా మళ్లల్లో దిగింది. వడ్లు కల్లంలో పోశారు. మబ్బు పట్టినప్పుడల్లా మా అత్త పోసవ్వ ఆకాశం వైపు, కుప్ప వైపు, మళ్లీ ఆకాశం వైపు చూసేది.

రెండో ఏడుపైనా సంపాదించుకుందామని, టిఫిన్ గిన్నె ఇవ్వడానికి వెళ్లినప్పుడు కల్లం దగ్గరే అత్తను అడిగాను. అప్పగింతల పాటలకు మా వాడకట్టులో ఆమె పెట్టింది పేరు. ఎవరింట్లో ఆడపిల్లను పంపినా పోసవ్వ రానిదే పాట ఎత్తరు.

"అత్తా, ఒక్క అప్పగింతల పాట పాడుతవా? టేపుల పట్టుకుంట."

ఆమె చీపురు ఆపి నన్ను చూసింది. "గీ పూటనా? నీకేమన్న గాలి సోకిందా? కల్లంల లచ్చిమి కూసున్నది. ఆడపిల్లను పంపే పాట గిప్పుడు ఎత్తుకుంటే, నన్నే పంపుతుండ్రు అనుకొని ఆమె గూడ లేసిపోతది. ఎమ్మే చదివినవ్ గదనే, యాళ్ల పాళ్ల చదువలేదా?"

కుప్ప అవతల పట్టా సరిచేస్తున్న భూమేశ్ అందుకున్నాడు. "అమ్మా, గా పిల్లనూ ఇట్లనే అడిగిందట. ఆమె గూడ ఇట్లనే తిట్టింది."

"ఏ పిల్ల?"

నాకు నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది. నెల రోజుల్లో గడువు. నా పుస్తకాల్లో ఎక్కడా లేని ఒకే నియమాన్ని పట్టుకొని ఇద్దరు ఆడవాళ్లు రెండు వైపులా నోరు మూసుకొని కూర్చున్నారు. అత్తకు నాద్యా సంగతి చెప్పాను. ఎవరూ వెళ్లకుండా ఏడవనన్నదని చెప్పాను. పెట్టె సంగతి కూడా చెప్పాను.

పోసవ్వ వడ్లు చీపురుతో లోపలికి నెట్టుతూ అంతా విన్నది. చివరకు ఒక్కటే అడిగింది.

"గా పిల్లను ఎవలు పంపిండ్రు?"

"పంపుడేంది?"

"లగ్గం అయినంక అత్తగారి చేతుల ఎవలు పెట్టిండ్రు?"

నాకు తెలియదు. తర్వాత వెళ్లినప్పుడు నాద్యాను అడిగాను. ఆమె కందిపప్పుకు నూనె పట్టిస్తూ చెప్పింది. లెనిన్‌గ్రాడ్‌లో రిజిస్ట్రారు ఆఫీసు. సాక్షులుగా ఇద్దరు స్నేహితులు. ఆ వారం ఇంటి దగ్గర ఆవు ఈనేలా ఉందని అమ్మ రాలేకపోయింది. ఫోన్‌లో, సెలవులకు ఇద్దరూ కలిసి వస్తారుగా, అప్పుడు చేసుకుందాం అంది. సెలవులు వచ్చేసరికి రూబులుకు విలువ పోయింది, టికెట్లు అందలేదు, కృష్ణ వీసా అయిపోయింది.

"బజారుకు వెళ్లినట్టు వచ్చేశాను," అంది. "అమ్మ అలాగే అనుకుంటూ ఉండి ఉంటుంది."

ఆ మాట అత్తకు అలాగే చెప్పాను. ఆమె ముక్కు మీద వేలు వేసుకుంది.

"మరి పెట్టె ఎట్ల ఇప్పుతది బిడ్డా? అప్పగింతలే కాని పిల్ల అత్తగారింట్ల సుట్టమోలెనే ఉంటది. ఎంత పని చేసినా సుట్టమే." తనలో తాను లెక్క వేసుకున్నట్టు అంది. "వడ్లు ఇంటికి రానియ్యి. వైశాఖం రానియ్యి. కొత్త బియ్యంతోని మనమే ఒడిబియ్యం పోద్దాం. అమ్మగారిల్లు మనదే అనుకోని పంపుదాం."

"వాళ్లు ఆంధ్రోళ్లు, ఆమె రష్యా ఆమె," అన్నాడు భూమేశ్. "నడుమల మనం పోసుడేందమ్మా ఒడిబియ్యం?"

"పోసెటోళ్లు లేకనే గదరా."

నాకు మొదట గుర్తొచ్చింది టేపు రికార్డరు. బ్యాటరీలు కొత్తవి కొనాలి అనుకున్నాను. మే నెలాఖరుకు ఇంకా టైము ఉంది.

*

క్యాంపుకు పోసవ్వ స్వయంగా వచ్చింది, కొత్త పట్టుచీర కట్టుకొని, సంబంధం మాట్లాడేదానిలా. భద్రయ్యగారు కుర్చీలు వేయించి, ఇది ఆడవాళ్ల వ్యవహారం అనుకున్నారేమో, పేపరు తీసుకొని దూరంగా కూర్చున్నారు.

"ఒడిబియ్యం అంటే మాకు అంత తెలీదండి," అంది శాంతకుమారిగారు. "మా వైపు ఆ పద్ధతి లేదు."

"మీకు లేకుంటే మాకున్నది వదినె. అమ్మగారింటోళ్లు బిడ్డకు ఒడి నింపి పంపుతరు. పిల్లను ఒక్క దినం మాకియ్యుండ్రి. మళ్ల మీ చేతులనే పెడతం."

"ఇచ్చేసి మళ్లీ పుచ్చుకోవడమా?"

"ఎవలన్న ఒకలు ఇస్తేనే గద, మీరు పుచ్చుకున్నట్టు."

శాంతకుమారిగారు కోడలి వైపు తిరిగింది. తలుపు దగ్గర నిలబడ్డ నాద్యా నా వైపు చూసింది. రష్యన్‌లో చెప్పబోయాను. చేత్తో ఆగమంది.

"అర్థమైందండీ," అంది. "పిన్నిగారూ, నేను ఎన్ని గంటలకు రావాలండీ?"

"గారు గీరు ఏంది బిడ్డా, అమ్మను పిలిచినట్టు అవ్వ అను," అంది పోసవ్వ. "వచ్చుడు కాదు. నా కొడుకు వచ్చి తోల్కొస్తడు."

గురువారం పొద్దున భూమేశ్ వెళ్లి తీసుకొచ్చాడు. అత్త ఆమెకు తలంటి పోసింది. గడ్డిరంగు జుట్టులో సాంబ్రాణి పొగ పట్టించి, చిక్కు తీస్తూ, "గింత పలుచగున్నది వెంట్రుక, మీ అమ్మ ఆముదం పెట్టలేదా?" అని గదమాయించింది. నాద్యా కళ్లు మూసుకొని తల వంచి కూర్చుంది. వాళ్ల దగ్గర పెళ్లికి ముందు రోజు పెళ్లికూతురి జడ విప్పుతారు, జడ రిబ్బను చెల్లెలికో స్నేహితురాలికో ఇచ్చేస్తారు. కన్నెతనాన్ని అక్కడ వదిలి వెళ్లడమని అర్థం. ఈ సంగతి పుస్తకంలో చదివాను. అక్కడ విప్పుతారు, ఇక్కడ అల్లుతారు. ఒకటే పని, ఎదురు దిశలో. మనసులోనే రాసుకున్నాను.

సాయంత్రం భద్రయ్యగారి కుటుంబం వచ్చింది. కృష్ణ ఇస్త్రీ చొక్కా వేసుకొని, తన పెళ్లికి తనే ఆలస్యంగా వచ్చినవాడిలా గోడ పక్కన నిలబడ్డాడు. టేపు రికార్డరు కిటికీలో పెట్టి ఎర్ర బటను నొక్కాను. అత్త చూసింది. వద్దంటుందేమో అనుకున్నాను.

"పెట్టుకో. గని నువ్వు దాని దగ్గర కూసోవద్దు. అక్కవు నువ్వు. పళ్లెం పట్టు."

పసుపు కలిపిన కొత్త బియ్యం, ఎండు కొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, రవిక బట్ట. నాద్యా పీట మీద కూర్చుని కొంగు పట్టింది. పోసవ్వ దోసిలితో బియ్యం పోసింది. నేను పోశాను. పక్కింటి ఆడవాళ్లు పోశారు. ఒడి బరువెక్కుతుంటే నాద్యా భుజాలు కిందికి దిగుతూ వచ్చాయి. తర్వాత పాలగిన్నె తెచ్చారు. అత్త ఆమె రెండు చేతులూ పాలలో ముంచి, శాంతకుమారిగారి చేతుల్లో పెట్టింది.

ఇప్పుడు. నాద్యా నన్ను చూసింది. నేను తల ఊపాను. ఆమె ఊపిరి పీల్చుకున్న తీరు చూసి నాకు తెలిసిపోయింది, అదే వస్తోందని.

"అత్తయ్యగారండీ…" అంది.

తెలుగులో.

"అత్తయ్యగారండీ, చెయ్యి పట్టి ఇచ్చేవాళ్లు లేక నా కాళ్లతో నేనే వచ్చానండీ…
మా గుమ్మం ముందు మంచు ఊడ్చేవాళ్లు ఎవరండీ, పొయ్యిలో చెక్క పెట్టేవాళ్లు ఎవరండీ…
బజారుకెళ్లిన పిల్ల వస్తుందని మా అమ్మ తలుపు గడియ పెట్టలేదండీ, చలి అంతా లోపలికి వెళ్తుందండీ…
రైలు దిగానండీ, విమానం దిగానండీ, ఇంకా దిగలేదండీ…"

పొరపాటున మొదలుపెట్టింది, సరిచేసుకుంటుంది అనుకున్నాను. పళ్లెం పట్టుకొనే వంగి, రష్యన్‌లో, "నీ భాషలో," అన్నాను. ఆమె వినలేదు. ఇంకెవరూ వినలేదు. గోదావరి వాళ్ల దగ్గర నేర్చుకున్న వంటింటి తెలుగులో, ప్రతి పాదం చివర అండీ అండీ అంటూ ఆమె ఏడుస్తోంది. అందరికీ అంతా అర్థమవుతోంది. ఆ గదిలో రష్యన్‌లో ఎం.ఎ. చదివిన మనిషిని నేనొక్కదాన్నే. నాతో ఎవరికీ పని పడలేదు.

అయినా విన్నాను. మాటలు వదిలేసి గొంతు విన్నాను. పాదం పైనుంచి మొదలై, మెట్లు దిగినట్టు దిగి, చివర తెగిపోయి, ఆ తెగినచోట గుక్క. అచ్చులో గీతలు పెట్టి చూపించినచోటే, సరిగ్గా అక్కడే, పడింది. అన్నేళ్లుగా నేను వెతికిన గొంతు అదే.

పోసవ్వ నాద్యా తల మీద చెయ్యి వేసి, ఆమె గుక్క తిప్పుకున్న జాగాలో తన పాట ఎత్తుకుంది.

"కడుపుల పుట్టలేదు బిడ్డా, కడుపు కోసినట్టున్నది బిడ్డా…
మొఖం తెల్వని తల్లి మాటగ నేను పంపుతున్న బిడ్డా…"

శాంతకుమారిగారు పాలచేతులు వదలకుండా, "ఊరుకోమ్మా, ఊరుకో," అంటూనే ఉంది. అంటూ అంటూ ఆమె మాట తడబడింది. "నేనూ అంతేనే తల్లీ. పదహారేళ్లకి ఇక్కడికి తెచ్చి పడేశారు. మా కాలవ గట్టు, మా అమ్మ… ఎవరు చూశారు?" భద్రయ్యగారు కండువాతో ముఖం తుడుచుకొని వాకిట్లోకి వెళ్లిపోయారు. ముప్పై ఏళ్లలో ఆవిడ ఆ మాట అనడం మొదటిసారి అని తర్వాత కృష్ణ చెప్పాడు.

క్యాసెట్టు ఒక వైపు అయిపోయి టక్కున ఆగింది. ఎవరూ పట్టించుకోలేదు. నా చేతిలో పళ్లెం ఉంది.

*

"అద్భుతం," అన్నారు ఫోన్‌లో సుహాసిని మేడం. "వోలొగ్దా ఏడుపు, బాన్సువాడలో! ఏ మాండలికం?"

"తెలుగు, మేడం."

బూత్‌లో మీటరు తిరుగుతున్న చప్పుడు.

"వైశాలీ, మనది రష్యన్ డిపార్ట్‌మెంట్."

"బాణీ మొత్తం అదే, మేడం. పాదం అదే, ఊపిరి అదే. భాష ఒక్కటే…"

"భాష ఒక్కటే," అన్నారు ఆమె నెమ్మదిగా. తర్వాత గొంతు మార్చారు. ఆమె నా మంచి కోరే మనిషి. "చూడు. నువ్వే దాన్ని రష్యన్‌లోకి మార్చు. ఆమె పాడిన పాఠంగా చివర్లో పెట్టు. నీకు ఆ శైలి బాగా తెలుసు. క్యాసెట్ ఎవరు వింటారు?"

ఆ మధ్యాహ్నం కూర్చుని మార్చి చూశాను. అరగంట పట్టలేదు. వోలొగ్దా అడవుల్లో సేకరించినట్టే వచ్చింది. చదివిన ఏ ప్రొఫెసరూ అనుమానించడు. అంత బాగా వచ్చినందుకే నాకు నచ్చలేదు. చలి లోపలికి వెళ్తుందని ఆమె ఎవరికి చెప్పిందో ఆ మనిషి అందులో లేదు.

క్యాంపుకు వెళ్లి నాద్యాను అడిగాను. ఒక్కసారి నీ భాషలో చెప్పు, టేపు కూడా వద్దు, నాకోసం, అన్నాను. నిజంగా నాకోసమే అడిగాను అప్పుడు.

"ఆ రోజు తెలుగులో ఎందుకు ఏడ్చావు?" అన్నాను.

"వినేది అత్తయ్యగారు కదా. అర్థం కాకుండా ఏడిస్తే డాక్టరును పిలిచేది." నవ్వింది. తర్వాత నా ముఖం చూసి నవ్వు ఆపింది. ప్రయత్నించింది కూడా. కళ్లు మూసుకొని, ఊపిరి పీల్చి, పెదవులు విడదీసింది. చాలాసేపు అలా ఉండి తల అడ్డంగా ఊపింది.

"అది ఒక్కసారే, వైశాలీ. పోసిన ఒడిబియ్యం మళ్లీ చేటలోకి ఎత్తుకుంటామా?"

వ్యాసాన్ని ఉన్నది ఉన్నట్టే ఇచ్చాను. నాద్యా ఏడుపు తెలుగు లిపిలో, పక్కన పోసవ్వ పాట, కింద రష్యన్‌లో నా వివరణ, రెండింటికీ ఉన్న ఒకే నియమం గురించి రెండు పేజీలు. మే చివరి వారంలో భూమేశే హైదరాబాద్ తీసుకెళ్లాడు. పరీక్షకులు ఆ అధ్యాయం ఏ విభాగం కిందికి వస్తుందో తేల్చుకోలేక దానికి మార్కులు వెయ్యలేదు. మిగతావాటితో సెకండ్ క్లాస్ వచ్చింది. ఆ డిగ్రీతో బాన్సువాడలో చేసే పని ఏదీ లేదని నాకు ముందే తెలుసు. పట్టా వచ్చిన రోజు అత్త వాడకట్టులో చక్కెర పంచింది.

పెట్టె ఎప్పుడు ఖాళీ అయ్యిందో ఎవరూ గమనించలేదు. ఆ తర్వాత ఏడాది నేను వెళ్లేసరికి శాంతకుమారిగారు అందులో మినుములు పోసి ఉంచింది.

అప్పటి నుంచి యాసంగి కోతలు అయ్యాక నాద్యా మా ఇంటికి వస్తుంది, పుట్టింటికి వచ్చినట్టే. భూమేశ్ వెళ్లి తోలుకొస్తాడు. అత్త ఆముదం రాస్తుంది. మేమిద్దరం రష్యన్‌లో మాట్లాడుకుంటాం. మొదట్లో ఆమె చెప్పేది, నేను అందుకునేదాన్ని. రానురాను ఆమె మధ్యమధ్య ఆగడం మొదలైంది. ఆగినచోట ఒక తెలుగు మాట వేసి దాటిపోయేది.

2003లో ఆమె వచ్చేసరికి జూన్ అయ్యింది. ముందు రాత్రి మొదటి వాన గట్టిగా పడింది. వాకిలంతా చిత్తడి. గడప మీద కూర్చుని, చీర మడమల పైకి ఎత్తుకొని, ఆమె ఆ బురద వైపు చూస్తోంది.

"మా ఊళ్లో మంచు కరిగే రోజుల్లో ఇలాగే ఉంటుంది," అంది రష్యన్‌లో. "దారులన్నీ బురదై పోతాయి. బండి కదలదు. ఎవరూ ఎవరింటికీ వెళ్లలేరు. అది ఒక కాలం. దానికి ఒక మాట ఉంది…"

ఆగింది. నుదురు మీద వేళ్లతో కొట్టుకుంది. నోటిలో ఏదో మొదటి అక్షరం తిరుగుతోంది, బయటకు రావడం లేదు. నాకు ఆ మాట తెలుసు. ఏ పేజీలో మొదటిసారి చదివానో కూడా తెలుసు. ఆమెకే గుర్తొస్తుందని చాలాసేపు చూశాను. ఆమె వేళ్లు ఒళ్లోకి దిగిపోయాయి.

"రస్పూతిత్సా," అన్నాను.

ఆమె నా వైపు తిరిగింది.

"అదేనండీ," అంది తెలుగులో. కాసేపటికి, "ఇంకోసారి చెప్పు," అంది.

చెప్పాను. ఆమె పెదవులు నా వెనకే కదిలాయి.

"ఏందే, అక్కచెల్లెండ్లు పొద్దుగాలనే ముచ్చట పెట్టిండ్రు?" లోపలి నుంచి అత్త కేక వేసింది. "నీళ్లు కాగినయ్. ముందు ఎవలు పోసుకుంటరు?"

ఇద్దరం లేవలేదు.